టెక్సాస్‌లో నర్స్ ప్రాక్టీషనర్‌గా మొదటి ఉద్యోగం: సంతకానికి ముందు ఏమేమి చూసుకోవాలి?

ప్రశ్న: కృష్ణాతీరం

నమస్కారం. నేను గుంటూరులో బి.ఎస్‌సి. నర్సింగ్ చదివి వచ్చి, డాలస్ చుట్టుపక్కల ఆస్పత్రుల్లో 9 ఏళ్లుగా రిజిస్టర్డ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఉద్యోగం చేసుకుంటూనే ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ (రోగనిర్ధారణ చేసి మందులు రాసే నర్సు) కోర్సు ముగించి, సర్టిఫికేషన్ పరీక్ష గట్టెక్కి, టెక్సాస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ నుంచి లైసెన్సూ, మందులు రాయడానికి ఇచ్చే నంబరూ తెచ్చుకున్నాను. ఇప్పుడు ఇర్వింగ్‌లో ఒక చిన్న ఫ్యామిలీ క్లినిక్‌లో అవకాశం వచ్చింది. క్లినిక్ యజమాని తెలుగువారే, మా అత్తగారి వైపు వాళ్లకు ఏళ్ల తరబడి పరిచయం ఉన్న డాక్టరు గారు.

ఆయన పంపిన కాగితాలు చదివినప్పటి నుంచి మనసు స్థిమితంగా లేదు. మందులు రాసే అధికారం కోసం డాక్టరుతో చేసుకోవలసిన ఒప్పందం 2 పేజీల నమూనా మాత్రమే, అందులో మా ఇద్దరి పేర్లు తప్ప ఈ క్లినిక్‌కు సంబంధించిన వివరం ఒక్కటీ లేదు. డాక్టరు గారికి హ్యూస్టన్‌లో మరో క్లినిక్ ఉన్నందువల్ల ఇక్కడ వారానికి 2 రోజులే ఉంటారు. నా పేరు ఇన్సూరెన్సు కంపెనీల జాబితాల్లోకి ఎక్కడానికి 3, 4 నెలలు పడుతుంది కాబట్టి, అంతవరకు నేను చూసిన పేషంట్లందరి బిల్లులూ ఆయన నంబరు మీదే పంపుతామని మేనేజరు గారు చెప్పారు. మాల్‌ప్రాక్టీస్ బీమా (చికిత్సలో పొరపాటు జరిగిందని దావా వేస్తే ఆదుకునేది) గురించి అడిగితే ‘క్లినిక్ పాలసీలోనే మీరూ ఉంటారు’ అన్నారు గానీ కాగితం చూపలేదు. ఉద్యోగం మానేస్తే 2 ఏళ్ల పాటు 25 మైళ్ల లోపల ఎక్కడా పనిచేయకూడదన్న షరతు ఉంది. ఏకాగ్రత లోపానికి అడరాల్ వాడే పేషంట్లు కొందరున్నారని, డాక్టరు గారు లేని రోజుల్లో వాళ్ల రీఫిల్స్ కూడా నేనే చూసుకోవాలని చెప్పారు.

వీటిలో ఏది మామూలు, ఏది ప్రమాదం అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అన్నిటికంటే పెద్ద చిక్కు ఏమిటంటే, ‘మనవాళ్లే కదా, కాగితాలదేముంది’ అనే మాట ఇప్పటికే ఇంట్లో రెండుసార్లు వినపడింది. అడిగితే అనుమానించినట్టు, అడగకపోతే నా మెడకు చుట్టుకుంటుందేమోనని భయం. ఈ రాష్ట్రంలో పనిచేస్తున్న అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: ఆస్టిన్ ఎన్‌పీ

అభినందనలు అమ్మా. నేను ఇక్కడ 11 ఏళ్లుగా ఫ్యామిలీ ఎన్‌పీని, అంటే నర్స్ ప్రాక్టీషనర్‌ని. వకీలును కాను కాబట్టి, సంతకానికి ముందు ఆరోగ్యరంగ ఒప్పందాలు చూసే న్యాయవాది చేత ఒక్కసారైనా చదివించండి. దానికయ్యే ఖర్చు మీ మొదటి జీతంలో చిన్న భాగమే.

ముందుగా ఒక అపోహ తొలగిస్తాను. డాక్టరు గారు వారానికి 2 రోజులే ఉండడం దానంతట అది తప్పు కాదు. 2013కు ముందు ఏ క్లినిక్‌లో డాక్టరు ఎంతసేపు ఉండాలి, ఎంత దూరంలో ఉండాలి అన్న లెక్కలు ఉండేవి. ఆ ఏడాది వచ్చిన సెనేట్ బిల్లు 406 వాటిని తీసేసి, వాటి స్థానంలో ప్రిస్క్రిప్టివ్ అథారిటీ అగ్రిమెంట్ అనే లిఖిత ఒప్పందాన్ని పెట్టింది. అంటే ఒకప్పుడు మనిషి ఎదురుగా ఉండడం చేసిన పనిని ఇప్పుడు కాగితం చేస్తోంది. అందుకే ఆ కాగితం 2 పేజీల డొల్ల నమూనాగా ఉండడం నాకు డాక్టరు గైర్హాజరు కంటే ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది.

ఆ ఒప్పందంలో మీ ఇద్దరి పేర్లు, చిరునామాలు, లైసెన్సు నంబర్లతో పాటు ప్రాక్టీసు స్వభావం ఏమిటి, ఏయే చోట్ల పనిచేస్తారు, ఏ తరగతుల మందులు రాయవచ్చు లేదా రాయకూడదు, పేషంటును ఎప్పుడు డాక్టరుకు చూపించాలి లేదా పైకి పంపాలి, అత్యవసరం వస్తే ఏం చేయాలి, మీరిద్దరూ ఒకరినొకరు ఎలా సంప్రదించుకోవాలి అన్నవి ఉండాలి. డాక్టరు అందుబాటులో లేనప్పుడు మరో డాక్టరు పర్యవేక్షించే ఏర్పాటు ఉంటే ఆయన పేరు కూడా రాయాలి. మీ చార్టుల్లో (పేషంట్ల రికార్డుల్లో) కొన్నిటిని ఆయన పరిశీలించాలి. ఎన్ని అన్నది మీరిద్దరూ నిర్ణయించుకోవచ్చు, కానీ సున్నా మాత్రం కాదు. నెలకు కనీసం ఒకసారి ఇద్దరూ సమావేశం కావాలి. అది ముఖాముఖిగానా, వీడియోలోనా అన్నది 2019 నుంచి మీ ఇష్టానికే వదిలేశారు. ఏడాదికోసారి ఒప్పందాన్ని సమీక్షించి తేదీ వేసి సంతకాలు చేయాలి, ఒప్పందం ముగిసిన తర్వాత కూడా 2 ఏళ్లు దాచాలి. ఈ నెలవారీ సమావేశాలకు నేను ఒక పుస్తకం పెట్టుకున్నాను. మాట్లాడుకున్న కేసులు రాసి, తేదీ వేసి, ఇద్దరం పొట్టి సంతకం చేస్తాం. బోర్డు అడిగిన రోజున ‘మేం రోజూ ఫోనులో మాట్లాడుకుంటాం’ అన్న మాట పనికిరాదు.

ఇంకొక మాట అడగండి: ఆయన ఇప్పటికే ఎంతమందికి ఇలా అధికారం ఇచ్చారు? ఆస్పత్రులు, వైద్యసేవలు తక్కువగా ఉన్న ప్రాంతాల క్లినిక్‌లను మినహాయిస్తే, ఒక డాక్టరు పూర్తికాల లెక్కన 7గురు ఎన్‌పీలకు, ఫిజిషియన్ అసిస్టెంట్లకు మించి అధికారం ఇవ్వకూడదు. రెండు నగరాల్లో క్లినిక్‌లు నడిపేవారికి ఈ లెక్క తెలియకుండానే దాటిపోతుంది. సంతకానికి ముందు ఒకరిపై ఒకరికి ఉన్న పాత క్రమశిక్షణ చర్యలు తెలియజేసుకోవడం కూడా చట్టం చెప్పిన విషయమే కనుక, ఆ ప్రశ్న అడగడం అమర్యాద కాదు.

ఇక అడరాల్. దీనికి సందేహమే లేదు, మీరు రాయకూడదు. అది షెడ్యూల్ 2 మందు, అంటే దుర్వినియోగం భయంతో చట్టం అతి కఠినంగా నియంత్రించే రకం. టెక్సాస్‌లో మనం షెడ్యూల్ 2 మందులు రాయగలిగేది ఆస్పత్రిలో 24 గంటలు లేదా అంతకు మించి ఉంచే ఉద్దేశంతో చేర్చుకున్న రోగికి, ఎమర్జెన్సీ విభాగంలో ఉన్న రోగికి, హాస్పిస్ సంరక్షణలో (చివరి దశలో ఉపశమనం కోసం ఇచ్చేది) ఉన్న రోగికి మాత్రమే. క్లినిక్‌లో అంతకంటే నియంత్రణ తక్కువగా ఉన్న షెడ్యూల్ 3 నుంచి 5 వరకు, అదీ రీఫిల్స్‌తో కలిపి 90 రోజులకు మించకుండా రాయవచ్చు. ‘ఆయన లాగిన్‌తో పంపించేయండి’ అని ఎవరైనా అంటే ఆ మాట అన్న క్షణమే ఆ ఉద్యోగం వదులుకోవచ్చని నా అభిప్రాయం. 2021 జనవరి 1 నుంచి ఇక్కడ నియంత్రిత మందుల చీటీలు ఎలక్ట్రానిక్‌గానే వెళ్లాలి, వాటికి డాక్టరు తన సొంత రెండంచెల గుర్తింపు వాడాలి. దాన్ని మరొకరి చేతికి ఇవ్వడం మీకూ, ఆయనకూ కూడా నేరం. ఓపియాయిడ్లు (నల్లమందు జాతి నొప్పి మందులు), బెంజోడయజెపీన్లు (ఆందోళన, నిద్ర మందులు) వంటివి రాసే ముందు రాష్ట్ర మందుల పర్యవేక్షణ జాబితా చూడడం 2020 మార్చి నుంచి తప్పనిసరి. అది చూశామని చార్టులో రాయడం మరువకండి.

ఇంత కచ్చితంగా ఎందుకంటున్నానంటే, మన దగ్గర పెరిగిన నర్సులకు ‘డాక్టరు గారు చెప్పారు’ అన్నది కవచంలా అనిపిస్తుంది. ఈ రాష్ట్రంలో ఆ కవచం పనిచేయదని 1983లోనే తేలిపోయింది. దక్షిణ టెక్సాస్‌లోని ఒక చిన్న ఆస్పత్రికి ఛాతీనొప్పితో వచ్చిన ఒక మనిషిని, డాక్టరు చెప్పాడన్న కారణంతో, లన్స్‌ఫర్డ్ అనే నర్సు పరీక్షించకుండానే 24 మైళ్ల దూరంలోని హార్లింజెన్ ఆస్పత్రికి కారులో వెళ్లమని పంపింది. అతడు దారిలోనే చనిపోయాడు. బోర్డు ఆమె లైసెన్సును ఏడాది పాటు నిలిపివేస్తే, ఆస్టిన్‌లోని అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది. రోగి పట్ల నర్సుకు సొంతంగా ఒక బాధ్యత ఉందని, డాక్టరు ఆదేశంతోనో ఆస్పత్రి విధానంతోనో అది చెరిగిపోదని ఆ తీర్పు సారాంశం. బోర్డు నేటికీ దాన్ని ఉదహరిస్తూనే ఉంటుంది. అది మామూలు నర్సు విషయంలో వచ్చిన తీర్పు. రోగనిర్ధారణ చేసి, మందు రాసే మన విషయంలో ఇంకెంత గట్టిగా వర్తిస్తుందో ఆలోచించండి.

చిన్న పిట్టకథ. మన పెద్దవాళ్లు మిమ్మల్ని ‘డాక్టరమ్మా’ అనే పిలుస్తారు, ఎన్నిసార్లు చెప్పినా మానరు. వాళ్ల ప్రేమకు మీరు బాధ్యులు కారు. కానీ రిసెప్షన్‌లో ‘డాక్టరు గారు చూస్తారు’ అని మీ గురించి చెప్పకుండా చూసుకోండి, బ్యాడ్జీ మీద ఎన్‌పీ అని స్పష్టంగా ఉండాలి.

జవాబు 2: బిల్లింగ్ గుమాస్తా

నేను నర్సును కాను, 16 ఏళ్లుగా క్లినిక్‌ల బిల్లింగ్ చూస్తున్నాను. మీ ప్రశ్నలో నన్ను ఉలిక్కిపడేలా చేసిన వాక్యం ‘నేను చూసిన పేషంట్లందరి బిల్లులూ ఆయన నంబరు మీదే’ అన్నది.

ఎన్‌పీలు ఎక్కడ పనిచేసినా మెడికేర్‌కు (ముఖ్యంగా 65 దాటినవారికి ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమాకు) తమ సొంత పేరున బిల్లు పంపుకొనే హక్కు 1997 నాటి చట్టంతో వచ్చి, 1998 జనవరి నుంచి అమలైంది. మీ నంబరు మీద వెళ్తే డాక్టరుకు ఇచ్చే దానిలో 85 శాతం చెల్లిస్తారు. డాక్టరు నంబరు మీద, ‘ఇన్సిడెంట్ టు’ అనే పద్ధతిలో వెళ్తే 100 శాతం వస్తుంది. ఈ 15 శాతం కోసమే క్లినిక్‌లు ఆశపడతాయి. ఆ పద్ధతికి షరతులు ఉన్నాయి: పేషంటును మొదట డాక్టరే చూసి చికిత్సా ప్రణాళిక వేసి ఉండాలి, మీరు ఆ ప్రణాళికను కొనసాగిస్తూ ఉండాలి, ఆ సమయంలో డాక్టరు ఆఫీసులో అందుబాటులో ఉండాలి. కరోనా కాలం నుంచి చాలా సేవలకు ప్రత్యక్ష వీడియోలో వెంటనే దొరకడాన్ని కూడా మెడికేర్ ఒప్పుకుంటోంది, ఒట్టి ఫోను మాత్రం సరిపోదు. కొత్త పేషంటు వచ్చినా, పాత పేషంటే బీపీ కోసం వచ్చి ‘కొత్తగా మోకాలు వాచింది’ అన్నా, ఆ విజిట్ ఇందులోకి రాదు. డాక్టరు గారు హ్యూస్టన్‌లో వేరే పేషంట్లను చూస్తున్న రోజున మీరు ఇర్వింగ్‌లో చూసిన కొత్త పేషంటును ఆయనే చూసినట్టు మెడికేర్‌కు పంపితే, అది పొరపాటు అనిపించుకోదు, తప్పుడు క్లెయిము అనిపించుకుంటుంది. ఫాల్స్ క్లెయిమ్స్ యాక్టు కింద నష్టానికి 3 రెట్లు వసూలు చేసి, ప్రతి క్లెయిముకూ విడిగా జరిమానా వేస్తారు. ఫిర్యాదు చేసేది చాలాసార్లు క్లినిక్‌లోనే పనిచేసి మానేసినవాళ్లు. వాళ్లకు వసూలైన సొమ్ములో వాటా కూడా వస్తుంది.

ప్రైవేటు ఇన్సూరెన్సుల సంగతి వేరు. కొన్ని కంపెనీలు పర్యవేక్షించే డాక్టరు పేరు మీద పంపమనే చెబుతాయి, కొన్ని ఒప్పుకోవు. అది కంపెనీతో క్లినిక్‌కు ఉన్న కాంట్రాక్టులో ఉంటుంది. మేనేజరును ‘ఏ కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకుంది?’ అని అడగవచ్చు.

నిజానికి మెడికేర్ వరకు ఈ తొందర అక్కర్లేదు. మీ దరఖాస్తు ఆమోదం పొందితే, దాన్ని దాఖలు చేసిన తేదీ, మీరు అక్కడ పని మొదలుపెట్టిన తేదీ, ఈ రెండింటిలో ఏది తర్వాతిదైతే అప్పటి నుంచి అది అమలవుతుంది. కాబట్టి ఇవాళే దరఖాస్తు పెట్టించి, ఆ బిల్లులు ఆపి ఉంచి, ఆమోదం వచ్చాక మీ పేరు మీదే పంపించవచ్చు. క్లినిక్‌కు 3 నెలలు డబ్బు చేతిలో ఆడదు, అంతే.

జవాబు 3: ఫ్రిస్కో పెద్దాయన

అందరూ కలిసి ఆ అమ్మాయిని భయపెడుతున్నారని నాకనిపిస్తోంది. మా కోడలు కూడా ఎన్‌పీనే. అనుభవం లేని ఎన్‌పీలకు ఈ ప్రాంతంలో మొదటి ఉద్యోగం దొరకడం ఎంత కష్టమో మేము కళ్లారా చూశాము. తనూ ఇలాంటి నమూనా ఒప్పందం మీదే సంతకం చేసింది, 6 ఏళ్లయింది, ఏ ఇబ్బందీ రాలేదు. చట్టంలో ఉన్న ప్రతి అక్షరం పట్టుకుని తెలిసిన డాక్టరు గారిని నిలదీస్తే ఉద్యోగమూ పోతుంది, బంధుత్వమూ చెడుతుంది. అడరాల్ విషయం ఒక్కటి తప్ప మిగతావి చేరిన తర్వాత మెల్లగా సర్దుకోవచ్చు.

జవాబు 4: రాత్రిడ్యూటీ హ్యూస్టన్

పెద్దాయన గారికి గౌరవపూర్వకంగా ఒక మాట. ఇబ్బంది రానంత కాలం ఏ కాగితమైనా బాగానే ఉంటుంది. నాకు ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట ఇబ్బంది వచ్చింది.

ఒక చిన్న క్లినిక్‌లో పనిచేసేదాన్ని. లిసినోప్రిల్ అనే బీపీ మందు వాడుతున్న 70 దాటిన ఒక పెద్దావిడకు గుండె వైఫల్యం వల్ల స్పిరోనోలాక్టోన్ కలిపి, ఈ రెండూ కలిస్తే పొటాషియం పెరగవచ్చు కాబట్టి వారం తర్వాత పొటాషియం పరీక్ష రాశాను. మందు సరైనదే, పరీక్ష సరైనదే, చార్టులో నా నోటు కూడా సరైనదే. కానీ ఆ క్లినిక్‌లో విజిట్లూ ఆర్డర్లూ అన్నీ డాక్టరు పేరు మీద వెళ్లేవి, ఇప్పుడు మీకు చెబుతున్న పద్ధతిలోనే. శుక్రవారం సాయంత్రం పొటాషియం ప్రమాదకరంగా పెరిగి 6.1 అని వచ్చిన ఫలితం నా ఇన్‌బాక్సులోకి రాలేదు, ఊళ్లో లేని డాక్టరు ఇన్‌బాక్సులోకి వెళ్లి కూర్చుంది. ఆదివారం ఆవిడను గుండె లయ తప్పిన స్థితిలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. దేవుడి దయ వల్ల బతికారు. కుటుంబం బోర్డుకు ఫిర్యాదు చేసింది. డాక్టరు మీద కాదు, తమ తల్లికి మందు రాసిన నా మీద.

పేరు ఎవరిదైతే ఏముంది అని అప్పటివరకు నేనూ అనుకున్నాను. బిల్లు మీద ఉన్న పేరే ఆర్డరు మీద ఉంటుంది, ఆర్డరు మీద ఉన్న పేరుకే ఫలితం వెళ్తుంది. బిల్లింగ్ గుమాస్తా గారు డబ్బు వైపు నుంచి చెప్పినది నాకు పొటాషియం రూపంలో ఎదురైంది.

విచారణ 14 నెలలు నడిచింది. బోర్డు నుంచి ఉత్తరం వచ్చిన రాత్రే నేను కూర్చుని 5 పేజీల సంజాయిషీ రాశాను, కన్నీళ్లతో, అక్కర్లేని విషయాలన్నీ చేర్చి. అదృష్టం కొద్దీ పంపలేదు. క్లినిక్ పాలసీ ఉందని చెప్పిన మేనేజరును అడిగితే, అది దావాలకు మాత్రమేనని, బోర్డు ఫిర్యాదుల్లో లైసెన్సు కాపాడుకునే వకీలు ఖర్చు అందులో లేదని అప్పుడు చెప్పారు. నన్ను ఆదుకున్నది చదువుకునే రోజుల్లో ఒక ప్రొఫెసరు పోరు పడలేక తీసుకున్న నా సొంత పాలసీ. అందులో లైసెన్సు రక్షణ ఉంది, వకీలును వాళ్లే ఇచ్చారు. ఆ వకీలు గారి మొదటి ప్రశ్న ‘ఉత్తరం వచ్చాక చార్టును తెరిచి ఏమైనా మార్చావా?’ అని. మార్చలేదు. మార్చి ఉంటే కంప్యూటరులోని జాడలే నన్ను ముంచేవని ఆవిడ చెప్పారు. చివరికి చర్య లేకుండా మూసేశారు.

కాబట్టి బీమా గురించి నా సలహా: క్లినిక్ పాలసీ ఉన్నా సొంతది తీసుకోండి. క్లినిక్ పాలసీలో చూడవలసినది ‘క్లెయిమ్స్ మేడ్’ రకమా, ‘అకరెన్స్’ రకమా అన్నది. మొదటి రకంలో ఫిర్యాదు దాఖలైన రోజున పాలసీ అమలులో ఉండాలి. టెక్సాస్‌లో వైద్య దావాకు సాధారణంగా 2 ఏళ్ల గడువు ఉంటుంది కాబట్టి, మీరు ఈ రోజు చూసిన పేషంటు మీరు ఉద్యోగం మానేసిన ఏడాదికి దావా వేయవచ్చు. అప్పటికి క్లినిక్ పాలసీ నుంచి మీ పేరు తీసేసి ఉంటే మీకు అండ ఉండదు. అందుకోసం కొనేదే టెయిల్ కవరేజీ. ఆ ఖర్చు క్లినిక్‌దా, మీదా అన్నది ఉద్యోగ ఒప్పందంలోనే రాయించుకోవాలి, మానేసే రోజున అడిగితే ఎవరూ పలకరు. రెండో రకంలో ఈ బెడద లేదు, సంఘటన జరిగిన రోజున పాలసీ ఉంటే చాలు. ఇంకో సంగతి: దావాను రాజీ చేసుకుని మీ తరఫున ఎంత చిన్న మొత్తం చెల్లించినా అది నేషనల్ ప్రాక్టీషనర్ డేటా బ్యాంకు అనే జాతీయ రికార్డులో నమోదవుతుంది, తర్వాత మీరు చేరబోయే ప్రతి ఆస్పత్రీ దాన్ని చూస్తుంది. అందువల్ల మీ సమ్మతి లేకుండా రాజీ పడకూడదన్న నిబంధన పాలసీలో ఉందో లేదో చూడండి.

ఉద్యోగం దొరకడం కష్టమన్నది నిజమే. లైసెన్సు పోతే ఆ కష్టం కూడా ఉండదు, ఉద్యోగమే ఉండదు.

కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. రాత్రిడ్యూటీ అక్కా, మీ జవాబు మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన ‘కాగితాలదేముంది’ అన్న మాట వెనక్కు తీసుకున్నారు.

ఇంకో మూడు సందేహాలు. 25 మైళ్ల షరతు చెల్లుతుందా? సెలవులకు ఇతర రాష్ట్రాల్లోని పిల్లల దగ్గరికి వెళ్లిన పేషంట్లను కూడా వీడియోలో చూడమంటున్నారు, నాకు కాంపాక్ట్ నర్సు లైసెన్సు (ఆ ఒప్పందంలో చేరిన రాష్ట్రాలన్నిటిలో చెల్లేది) ఉంది కాబట్టి సరిపోతుందా? మూడోది సొంత గోడు. గుంటూరులోని మా మామగారు బీపీ రీడింగులు వాట్సాప్‌లో పంపి మందు మార్చమంటున్నారు, ఇక్కడి బంధువులు ‘ఒక యాంటీబయాటిక్ పంపమ్మా’ అంటున్నారు. ఇప్పుడే ఇలా ఉంటే చేరాక ఎలా ఉంటుందో తెలియడం లేదు. డాక్టరు గారితో ఈ విషయాలు ఎలా మొదలుపెట్టాలో కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

జవాబు 5: ఆస్టిన్ ఎన్‌పీ

2025 సెప్టెంబరు 1 తర్వాత చేసుకున్న ఒప్పందాలకు కొత్త టెక్సాస్ చట్టం వర్తిస్తుంది. అంతకు ముందు ఇలాంటి కొన్ని రక్షణలు డాక్టర్లకే ఉండేవి, ఇప్పుడు నర్సులకూ వచ్చాయి. పోటీ నిషేధం ఏడాదికి మించకూడదు, మీరు ప్రధానంగా పనిచేసిన చోటు నుంచి 5 మైళ్లు దాటకూడదు, డబ్బు కట్టి బయటపడే వీలు ఉండాలి, ఆ మొత్తం మీ ఏడాది జీతానికి మించకూడదు. మీకు ఇచ్చిన 2 ఏళ్లు, 25 మైళ్లు పాత నమూనా నుంచి ఎత్తి రాసినవి. బహుశా ఆయనకే ఈ సంగతి తెలియకపోవచ్చు.

కాంపాక్ట్ లైసెన్సు మీరు మామూలు నర్సుగా చేసే పనికే, ఎన్‌పీ పనికి అది చాలదు. వీడియోలో చూసేటప్పుడు పేషంటు ఆ క్షణాన ఏ రాష్ట్రంలో కూర్చున్నారో ఆ రాష్ట్రపు చట్టమే లెక్క. సగానికి పైగా రాష్ట్రాల్లో ఎన్‌పీలు డాక్టరు ఒప్పందం లేకుండానే పనిచేస్తున్నారు, మన పొరుగున న్యూ మెక్సికోలో కూడా. అయితే అక్కడి లైసెన్సు లేకుండా అక్కడి పేషంటును చూడడానికి ఆ స్వేచ్ఛ మీకు ఉపయోగపడదు. వీడియో మొదలవగానే ‘ఇప్పుడు ఎక్కడున్నారు?’ అని అడిగి చార్టులో రాయడం అలవాటు చేసుకోండి.

ఇక్కడి బంధువుల విషయంలో నా పద్ధతి ఒకటే. క్లినిక్‌కు వచ్చి, పేరు నమోదు చేయించుకుని, పరీక్ష చేయించుకుంటే చూస్తాను. ఒప్పందంలో లేని చోట, చార్టు లేని మనిషికి నా సంతకం ఉండదు. మొదటి పండగకు అలిగారు, రెండో పండగకు సర్దుకున్నారు.

డాక్టరు గారితో మాట్లాడే పద్ధతి గురించి: ముందు సొంత బీమాకు దరఖాస్తు చేయండి, కాగితాలు వకీలుకు పంపండి. ఆ తర్వాత ‘అంకుల్, మా వకీలు గారు ఈ విషయాలు సరిచేయించుకోమన్నారు, ఇవి మీ లైసెన్సుకు కూడా రక్షణేనట’ అని చెప్పండి. అందులో అబద్ధం లేదు. ఒప్పందం సరిగా లేకపోతే మెడికల్ బోర్డు ముందు నిలబడవలసింది ఆయనే.

జవాబు 6: సికింద్రాబాద్ ఐసీయూ

మామగారి సంగతి ఇక్కడి వైపు నుంచి చెబుతాను. భారతదేశంలో 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఇక్కడి వైద్య రిజిస్టరులో పేరున్న డాక్టర్లే దూరవైద్యం చేసి మందులు రాయగలరు. మీ టెక్సాస్ అధికారం ఇక్కడ చెల్లదు. రీడింగులు చూసి ‘డాక్టరు దగ్గరికి ఈ రోజే వెళ్లండి’ అనడం కోడలి మాట, ‘సగం మాత్ర తగ్గించండి’ అనడం చికిత్స.

నేను ఇక్కడ క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు చేశాను. భారత నర్సింగ్ మండలి తెచ్చిన రెండేళ్ల పీజీ అది. చదువులో ఎంతో నేర్పుతారు, పనిలోకి వచ్చాక మాత్రం ఆస్పత్రి రాసిపెట్టిన స్టాండింగ్ ఆర్డర్ల పరిధిలోనే మా చేతులు ఆడతాయి. ప్రసూతి వైపు కొంత నయం. 2018లో కేంద్రం మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు తెచ్చి, నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అనే 18 నెలల శిక్షణ పెట్టింది. తెలంగాణలో ఆ బాట అంతకు ఏడాది ముందే మొదలైంది. చట్టం ఇచ్చే అండ మాత్రం ఇంకా పలచనే. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిన కేసుల్లో భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను శిక్షను 5 ఏళ్ల వరకు పెట్టి, వైద్య ప్రక్రియ చేస్తున్న రిజిస్టర్డ్ డాక్టర్లకు మాత్రం 2 ఏళ్లకు పరిమితం చేసింది. ఆ రిజిస్టర్డ్ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం వైద్య కమిషన్ చట్టం కింద నమోదైన వైద్యులకే. అంటే ఒకే మంచం పక్కన నిలబడి చేసిన ఒకే పొరపాటుకు డాక్టరుకు 2 ఏళ్లు, నర్సుకు 5 ఏళ్ల వరకు పడే వీలుంది. ఎన్‌పీ చదివి తిరిగి వచ్చి ఇక్కడ అదే పని చేద్దామని మీకు ఎప్పుడైనా అనిపిస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి.

కృష్ణాతీరం, 3 వారాల తర్వాత

ఏమైందో చెప్పడం మర్యాద కనుక రాస్తున్నాను. డాక్టరు గారు అనుకున్నంత నొచ్చుకోలేదు. ఒప్పందం ఇప్పుడు 9 పేజీలైంది. హ్యూస్టన్ క్లినిక్‌లో ఆయన దగ్గర పనిచేసే 4గురి లెక్క కూడా ఆయనే రాసిచ్చారు. అడరాల్ పేషంట్లను ఆయన వచ్చే 2 రోజుల్లోనే పెట్టారు. పోటీ షరతు 5 మైళ్లకు, ఏడాదికి తగ్గింది. మెడికేర్ దరఖాస్తు వెళ్లింది, బిల్లులు ఆపి ఉంచుతామన్నారు, మేనేజరు గారు మాత్రం నాతో ముభావంగానే ఉన్నారు. టెయిల్ ఖర్చు మొత్తం భరించడానికి డాక్టరు గారు ఒప్పుకోలేదు, సగం సగం అన్నారు. నేను సొంతంగా అకరెన్స్ పాలసీ తీసుకున్నాను కాబట్టి ఎక్కువ పట్టుబట్టలేదు.

ల్యాబు ఆర్డర్లు నా పేరున వెళ్లి, ఫలితాలు నా ఇన్‌బాక్సుకే వచ్చే ఏర్పాటు ఇంకా పూర్తి కాలేదు. సాఫ్ట్‌వేరు కంపెనీ వాళ్లు వచ్చే గురువారం చేస్తామంటున్నారు. అది పనిచేస్తోందని ఒక పరీక్ష ఆర్డరు పెట్టి చూసుకున్న తర్వాతే మొదటి పేషంటును చూస్తానని చెప్పాను, ఆయన సరేనన్నారు.